వెలలేని విద్య

హైదరాబాదు నుండి పడమరగా వికారాబాదు వైపునకు పోవు రాజమార్గము మొయినాబాదు, చేవెళ్ల ఊళ్ల మీదుగా సాగును. పెద్దలు దీనిని బీజాపూరు దారి యని పిలుతురు. ఈ దారికి ఇరుప్రక్కల వందలకొలది మఱ్ఱిచెట్లు తరతరములుగా బాటసారులకు నీడ నిచ్చినవి. వానిని నాటినవారి పేర్లు చాలమందికి తెలియవు. నాటినవాడు నీడకు వెల కట్టలేదు. నీడలో నిలిచినవాడు వెల చెల్లింపలేదు. కాని చెట్టు ఎవ్వరిని మోసికొని పోదు. నీడ ఉచితమే యైనను ఊరు చేరుటకు నడువవలసినది బాటసారియే. ఉచితముగా లభించు విద్యకును ఇదే ధర్మము వర్తించును.

మొయినాబాదు, చేవెళ్ల రంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రములు. మొదటిది హైదరాబాదునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమునను, రెండవది సుమారు 40 కిలోమీటర్ల దూరమునను ఉన్నవి. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచెను. ఆ పిమ్మట నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు మొయినాబాదు పరిసరములలోనే కలవు. ఆ నీటిని కాపాడుటకై 1996లో ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తరువును వెలువరించి, చుట్టుపట్ల 84 గ్రామములలో కాలుష్యము గలిగించు పరిశ్రమలను నిషేధించెను. అందువలన ఈ ప్రాంతమున కర్మాగారములకు మారుగా పొలములే చాలకాలము నిలిచినవి. క్యారెట్టు, టమాటా, ఆకుకూరలు, చేమంతి, గులాబి ఇచ్చట విరివిగా పండును. పూలు గుడిమల్కాపూరు మార్కెట్టునకు పోవును. కూరగాయలు నగరములోని అంగళ్లకు చేరును.

నగరము పెరిగినకొలది ఈ నేలల వెల పెరిగినది. వెల పెరిగినకొలది అమ్మకములును పెరిగినవి. పిల్లల చదువునకై అరయెకరమో యెకరమో అమ్మిన కుటుంబము లిచ్చట లేకపోలేదు. దారి పొడవునను ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. అయినను పట్టా చేతబట్టుకొని కొలువునకై తిరుగువారు తక్కువగా లేరు. కొలువిచ్చువాడు పట్టాను ఒకమారు చూచి ప్రక్కన బెట్టును, పిదప “నీకు ఏమి పని చేతనగును?” అని యడుగును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక తడబడినవారు నగరమునకు పోయి అమీరుపేటలోని శిక్షణ కేంద్రములలో చేరుదురు. అచ్చట రుసుము చెల్లింపవలెను. గది యద్దెయు, తిండి ఖర్చును భరింపవలెను. చెల్లింపగలవారు చెల్లింతురు. చెల్లింపలేనివారి మాట యేమి? ఇల్లు విడిచి నగరమున నుండుటకు పెద్దల యనుమతి దొరకని ఆడపిల్లల మాట యేమి? అమ్ముటకు మరియొక చెక్క మిగులని రైతుబిడ్డల మాట యేమి?

ఈ ప్రశ్న ఈ నేలకు క్రొత్తది కాదు. మొయినాబాదు మండలములోని పెద్దమంగళారము గ్రామమున 1890లో కొండా వెంకట రంగారెడ్డి జన్మించెను. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు ఆయన పేరే పెట్టబడినది. ఆయన బాల్యమునాటి హైదరాబాదు రాజ్యమున తెలుగు చదువు దుర్లభమై యుండెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే సాగెడిది. ఇంట తెలుగు మాటాడు బాలుడు బడిలో వేరొక భాషలో నేర్వవలసివచ్చెడిది. రంగారెడ్డి న్యాయవాదియై, తెలుగువారి విద్యకును హక్కులకును పాటుపడిన ఆంధ్రోద్యమమున పాల్గొనెను. 1936లో షాదునగరమున జరిగిన ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించెను.

ఆ ఉద్యమమునకు గ్రంథాలయములు ఊపిరి పోసినవి. 1901లో హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మున్నగువారు దాని స్థాపనకు పూనుకొనిరి. పుస్తకము కొనలేనివాడును అచ్చట కూర్చుండి చదువుకొనగలిగెను. అటుపిమ్మట ఊరూర గ్రంథాలయములు నెలకొనసాగినవి. కొందరు పుస్తకములను కొని పదిమందికి తెరచి యుంచిరి. ఆ పదిమందిలో పట్టుదల గలవారు చదివి పైకి వచ్చిరి. తలుపు తెరచుట యొకరి పని. లోనికి వచ్చి చదువుట వేరొకరి పని. ఈ రెండును కలిసినప్పుడే విద్య అబ్బినది.

1982లో మరియొక తలుపు తెరువబడెను. ఆ యేడు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. భారతదేశమున అట్టి విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. నేడు డాక్టరు బి. ఆర్. అంబేద్కరు సార్వత్రిక విశ్వవిద్యాలయ మనునది అదియే. పగలు పని చేసికొనుచు రాత్రి చదువుకొనువారికి, నడుమ చదువు మానినవారికి అది దారి చూపెను. పాఠములు టపాలో ఇంటికి వచ్చుట ఆనాడు వింతగా నుండెను. నేడు పాఠము టపా కొఱకు కూడ వేచియుండదు. అరచేతిలోని సెల్‌ఫోనులోనికి క్షణములో వచ్చి చేరును.

ఈ మార్పునకు నాంది 2001లో పలుకబడెను. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ తన పాఠ్యసామగ్రిని అంతర్జాలమున అందరికిని ఉచితముగా నుంచెదనని ఆ యేడు ప్రకటించెను. 2003లో భారతదేశమునను అట్టి ప్రయత్నము మొదలయ్యెను. ఏడు ఐ.ఐ.టి.లును, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పథకమును ప్రారంభించినవి. ఆ విద్యాలయములలో చోటు దొరకుట ఎంత కష్టమో అందరికిని తెలిసినదే. అట్టి విద్యాలయముల ఆచార్యులు బోధించు పాఠములను చేవెళ్లలోని విద్యార్థి తన యింటి అరుగుమీద కూర్చుండి వినగలుగుట సామాన్యవిషయము కాదు. 2017లో కేంద్ర ప్రభుత్వము ‘స్వయం’ అను విద్యావేదికను ప్రారంభించినది. పాఠశాల చదువు మొదలు ఉన్నతవిద్య వరకు పెక్కు పాఠ్యక్రమములు అందు గలవు. పాఠములు వినుటకు రుసుము లేదు. పరీక్ష వ్రాసి ధ్రువపత్రము పొందగోరువారు మాత్రము కొంత రుసుము చెల్లింతురు.

తెలుగున నేర్వగోరువారికి ఐ.ఐ.టి. బొంబాయి నడుపు ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పాఠములు మిక్కిలి యుపయోగపడును. ఒక్కొక్క పాఠము సుమారు పది నిమిషములు సాగును. పాఠము చెప్పువాడు తెరమీద పని చేయుచు, ఏ మీట ఎందులకు నొక్కెనో మాటలతో వివరించును. ఆ పాఠములలో పెక్కింటిని తెలుగుమాటలతోను వినవచ్చును. లెక్కల పట్టికలు వేయుట, బొమ్మలు గీయుట, ప్రోగ్రాములు వ్రాయుట మున్నగునవి వానియందు కలవు. అందు నేర్పబడు సాఫ్టువేరులును ఉచితముగా లభించునవే. తెలంగాణ ప్రభుత్వపు టీ-శాట్ సంస్థ ‘విద్య’, ‘నిపుణ’ అను రెండు ప్రసారమార్గముల ద్వారా పాఠములను, పోటీపరీక్షల శిక్షణను ఇంటింటికి అందించుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2023లో ‘స్కిల్ ఇండియా డిజిటల్’ అను వేదికను నెలకొల్పి, వృత్తినైపుణ్యముల పాఠములను ఒకచోట చేర్చినది.

ఇన్ని తలుపులు తెరచి యున్నను ఒక చిక్కు గలదు. ఇట్టి పాఠములలో చేరువారు పెక్కుమంది. కడదాక నిలుచువారు కొలదిమంది. పాఠమునకు వెల లేకపోవుటచే దానికి విలువయు లేదని కొందరు తలంతురు. మరికొందరు పాఠమును చూచుటయే నేర్చుట యని భ్రమింతురు. ఈత కొట్టువానిని గట్టుమీద కూర్చుండి వందమారులు చూచినను ఈత రాదు. నీటిలో దిగి, రెండు గుటకల నీరు మ్రింగిన పిదపనే చేయి ఆడును. కంప్యూటరు పనియు అట్టిదే.

నేర్చుకొనుట ఎట్లుండునో తెలియుటకు ఒక రైతుబిడ్డను ఊహించుకొనవచ్చును. చేవెళ్ల చెంత ఒక గ్రామమున ఆమె తండ్రికి ఎకరము చేమంతితోట యున్నది. ఆమె ఇంటరు చదివి ఇంటియొద్ద నున్నది. కొలువు చేయవలెనని ఆమె కోరిక. ఇంట నున్నది ఒక్క సెల్‌ఫోను. అది పగలు తండ్రియొద్ద, సాయంకాలము తమ్ముని యొద్ద నుండును. తనకును ఒక గంట కావలెనని ఆమె యడుగును. తమ్ముడు సణుగును. తల్లి కలుగజేసికొని, “రాత్రి ఎనిమిది మొదలు తొమ్మిది వరకు ఫోను అక్కది” అని తీర్పు చెప్పును. ఆ గంటయే ఆమె పాఠశాల. వారమునకు రెండు దినములు ఆమె తాను చదివిన కళాశాలకు పోయి, గురువుల యనుమతితో అచ్చటి కంప్యూటరుమీద అభ్యాసము చేయును.

ఆమె లెక్కల పట్టిక వేయు విధానమును ఎన్నుకొనెను. పది నిమిషముల పాఠమునకు ఆమెకు గంటకు పైగా పట్టును. ఏలయన, కొంత విని ఆపును. తాను చేసి చూచును. తప్పినచో వెనుకకు పోయి మరల వినును. తండ్రి చిట్టా పుస్తకములోని లెక్కలనే ఆమె అభ్యాసమునకు తీసికొనెను. మొదటిదినమున ప్రతి గడిలోను “40 కిలోలు”, “60 రూపాయలు” అని మాటలతో కలిపి వ్రాసెను. గుణింపుమని యడుగగా యంత్రము గుణింపలేక తప్పు చూపెను. రెండు దినములు ఆమెకు కారణము బోధపడలేదు. మూడవదినమున పాఠమును మరల వినగా, గడిలో అంకె మాత్రమే యుండవలెననియు, కిలోలు రూపాయలు అను మాటలు పైనున్న శీర్షికలో ఉండవలెననియు తెలిసెను. ఆ తప్పు చేయకయే నేర్చినచో ఆ సంగతి ఆమెకు జ్ఞాపకముండెడిది కాదు.

పిదప లెక్క నడిచెను. ఒకనాడు తండ్రి 40 కిలోల పూలను కిలో 60 రూపాయల చొప్పున గుడిమల్కాపూరులో అమ్మెననుకొనవచ్చును. వచ్చినది 2,400 రూపాయలు. నూటికి పది చొప్పున కమీషను 240, ఆటో కిరాయి 500, కోత కూలి 600 పోగా మిగిలినది 1,060 రూపాయలు. మరియొకనాడు 15 కిలోలే పోయినవి. వచ్చినది 900 రూపాయలు. కమీషను 90, ఆటో కిరాయి అదే 500, కోత కూలి 300 పోగా మిగిలినది పది రూపాయలు! తెల్లవాఱుజామున లేచి, చలిలో మార్కెట్టునకు పోయి, మధ్యాహ్నము ఇల్లు చేరినందుకు తండ్రికి దక్కినది పది రూపాయలు.

ఆమె ఆ గడిని తండ్రికి చూపెను. ఆయన చాలసేపు మాటాడలేదు. ఏండ్లుగా ఆయన చిట్టాలో అమ్మకపు సొమ్మునే వ్రాసికొనెను; కిరాయి ఎన్నడును తగ్గదను సంగతిని పూల తూకముతో కలిపి చూడలేదు. “ప్రక్క చేనువారి పూలతో కలిపి ఒకే ఆటోలో పంపిన బాగుండును” అని కూతురు చెప్పెను. అట్లు చేసినచో కిరాయి సగమై, పది రూపాయలకు మారుగా 260 రూపాయలు మిగులును. ఆమెకు ఇంకను కొలువు దొరకలేదు. ధ్రువపత్రమును లేదు. కాని “నీకు ఏమి పని చేతనగును?” అను ప్రశ్నకు ఆమెయొద్ద ఇప్పుడు జవాబు గలదు. ఆమె తన పట్టికను తెరచి చూపగలదు. ప్రతి గడిని ఎందులకు వ్రాసెనో చెప్పగలదు. పాలకేంద్రమునకైనను, విత్తనముల దుకాణమునకైనను, నగరములోని కార్యాలయమునకైనను కావలసినది ఆ నేర్పే.

ఈ దారిలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, ఒకేసారి పది విద్యలను మొదలిడరాదు. ఒకదానిని ఎన్నుకొని, దానితో ఒక నిజమైన పనిని పూర్తిచేసిన పిమ్మటనే వేరొకదానిని ముట్టవలెను. రెండవది, ధ్రువపత్రములను ప్రోగుచేయుట నేర్పు కాదు. గోడకు వ్రేలాడు పత్రము పని చేయదు, చేయి చేయును. మూడవది, ఒంటరిగా నేర్చువాడు త్వరలో విసుగు చెందును. ఇద్దరు ముగ్గురు కలిసి నేర్చినచో ఒకరికి తెలియనిది వేరొకరు చెప్పుదురు. ఒకరు ఆగినచో వేరొకరు పిలుతురు.

నాల్గవది మిక్కిలి ముఖ్యమైనది. విద్య ఉచితమని పిలిచి, నడుమ సొమ్ము గుంజువారును, కొలువు సిద్ధముగా నున్నదని చెప్పి ముందుగా డబ్బు కట్టుమనువారును లోకమున గలరు. నిజమైన కొలువు జీతము నిచ్చును గాని సొమ్ము నడుగదు. బ్యాంకు సంకేతసంఖ్యలను, ఫోనునకు వచ్చు ఓ.టి.పి.ని ఎవ్వరికిని చెప్పరాదు. మోసపోయినవారు సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. ఆలస్యమైనకొలది పోయిన సొమ్ము చేజిక్కుట కష్టమగును.

తెరమీద నేర్వరాని విద్యలును గలవని మరువరాదు. మోటారు విప్పి బిగించుట, కరెంటు తీగలు కలుపుట, రోగికి కట్టు కట్టుట గురువుచెంత చేతితో చేసి నేర్వవలసిన పనులు. వానికి ఐ.టి.ఐ.లును, శిక్షణాలయములును, కర్మశాలలును ఉండనే యున్నవి. 1961 నాటి అప్రెంటిసు చట్టము ప్రకారము పని నేర్చుకొను కాలమునందు భృతియు లభించును. తెర దారి చూపగలదు. పనిముట్టు బరువెంతో చేయియే తెలిసికొనవలెను. అట్లే ఉచితపాఠములున్నవి గదా యని పాఠశాలను విడుచుటయు తగదు. చదువుట, వ్రాయుట, లెక్కించుట బాగుగా వచ్చినవానికే ఆ పాఠములు ఫలించును. పునాది లేని గోడమీద మిద్దె నిలువదు.

భూమి అమ్మి చదివించిన తండ్రి ఋణము గొప్పది. అమ్మిన నేల మరల రాదు. నేర్చిన పని అట్లు కాదు. ఎంత వాడినను తరుగదు, పదిమందికి పంచినను తగ్గదు. చేమంతితోట రైతు కూతురు నేర్చిన లెక్కను రేపు తమ్ముడు ఆమెయొద్ద నేర్చుకొనును. ఎల్లుండి ప్రక్క చేనువారి పిల్లలు వత్తురు. రాత్రి ఎనిమిది గంటలకు ఫోను కొఱకు సణిగిన తమ్ముడే అప్పుడు, “అక్కా, ఈ గడిలో తప్పు వచ్చినది, ఏల?” అని యడుగును. ఆమె వెంటనే చెప్పివేయదు. “పాఠమును మరల వినుము, నీవే కనుగొందువు” అనును.

మఱ్ఱికొమ్మనుండి దిగిన ఊడ కొంతకాలము గాలిలో ఊగుచుండును. నేల తాకిన పిదప అదియే మానై కొమ్మను మోయును; దాని క్రిందను మరికొందరు నిలుతురు. ఉచితముగా నేర్చినవాడు పనిమంతుడై వేరొకనికి నేర్పిననాడే, తనకు నీడ నిచ్చిన చెట్టు ఋణమును తీర్చినవాడగును.

అభ్యాసము

1. “నీడ ఉచితమే యైనను ఊరు చేరుటకు నడువవలసినది బాటసారియే.” ఈ వాక్యమును పాఠమునకు అన్వయించి వ్రాయుడు.
2. గ్రంథాలయములకును, నేటి ఉచిత పాఠములకును గల పోలిక యెట్టిది?
3. రైతుబిడ్డ మొదటిదినమున చేసిన తప్పేది? అది ఆమెకు ఎట్లు మేలు చేసినది?
4. 15 కిలోల పూలను అమ్మిననాడు తండ్రికి పది రూపాయలే మిగులుటకు కారణమేమి? ప్రక్క చేనువారితో కలిసినచో 260 రూపాయలు ఎట్లు మిగులును? లెక్కగట్టి చూపుడు.
5. తెరమీద నేర్వదగిన విద్యలను మూడింటిని, గురువుచెంత చేతితో నేర్వవలసిన విద్యలను మూడింటిని పేర్కొని కారణములు తెలుపుడు.
6. మీ యింటి ఆదాయవ్యయములలో ఒకదానిని తీసికొని వారము దినముల పట్టిక వేయుడు. దానివలన మీకు క్రొత్తగా తెలిసిన సంగతిని వ్రాయుడు.